పెన్సిల్లో ఉన్న ఏడు కంపెనీలు

ఆయన పదహారో రోజు కర్మకి వచ్చిన జనాన్ని చూసి నాకు కడుపు మండింది. పోయిన మనిషి మీద కూడా ఏడుపేనా అని మీరు తిట్టుకుంటారు. తిట్టుకోండి. సింగపూర్‌లోని హౌగాంగ్‌లో ఆయన ఉండే బ్లాకు కింద ఖాళీ జాగాలో వేసిన బల్లలన్నీ నిండిపోయాయి. కుర్చీలు చాలక చైనీసువాళ్ళు, మలయ్‌వాళ్ళు, తమిళులు స్తంభాలకి ఆనుకుని నిలబడి ఉన్నారు. తువాస్‌లో వెల్డింగ్ షాపు నడిపే చైనీసాయన ఒక మూల కూర్చుని టిష్యూ ప్యాకెట్టు మొత్తం ఖాళీ చేస్తున్నాడు. ఒక టాక్స్ ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేసి రిటైరైన మనిషికి ఇంతమందా? నేను పోతే ఎంతమంది వస్తారా అని అక్కడే నిలబడి ఆలోచించాను. రెండు బల్లలు కూడా నిండవు.

మా పాత బాసు ఫ్యాను పక్కన కూర్చుని ఉంది. చైనీసావిడ. ఆఫీసులో అందరం మేడమ్ అనేవాళ్ళం. నన్ను చూసి చెయ్యి పట్టుకుని, మాట చివర ఇక్కడివాళ్ళందరిలా 'లా' తగిలించే ఇంగ్లీషులో అంది: "మంచి మనిషి లా. ముప్పై ఏళ్ళలో ఒకే ఒక్క తప్పు చేశాడు. ఆ ఏడు కంపెనీలు. గుర్తుందా నీకు?"

గుర్తుందని తలూపాను.

మా భీమవరంలో సందుకొక కంప్యూటర్ కోచింగ్ సెంటరు వెలిసిన రోజుల్లో నేను సింగపూర్ వచ్చాను. టాంపినీస్‌లో ఒకే ఫ్లాట్‌లో నలుగురు అమ్మాయిలం, నలుగురమూ ప్రోగ్రామర్లమే. మిగతా ముగ్గురూ పెద్ద పెద్ద బ్యాంకుల్లో పడ్డారు. నేను మాత్రం హౌగాంగ్‌లో, కాఫీ కొట్టు మీద మేడ ఎక్కితే వచ్చే చిన్న టాక్స్ ఆఫీసులో పడ్డాను. ఏడాది కాంట్రాక్టు. ఏడాది చివర మేడమ్‌కి నచ్చితే పర్మనెంటు, నచ్చకపోతే తిరుగు విమానం. భీమవరంలో మా నాన్న అప్పటికే ఊరందరికీ నేను సింగపూర్‌లో సెటిలైపోయానని చెప్పుకుంటున్నాడు.

నా పని ఏమిటంటే, అక్కడ ప్రతి కంపెనీ తన లెక్కల సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా, పన్ను పడే ఆదాయం సుమారుగా ఇంత ఉంటుందని పన్నుల శాఖకి చెప్పుకోవాలి. అసలు లెక్కలు తేలేది చాలా నెలల తర్వాత. ఈలోగా చెప్పేది అంచనా. ఆ అంచనా చూసి నోటీసు వస్తుంది. నోటీసులో ఉన్నది ముందు కట్టాలి, తప్పనిపిస్తే ఆ తర్వాత అభ్యంతరం రాసుకోవాలి. మా ఆఫీసు చేతిలో అలాంటి కంపెనీలు రెండు వందల పైచిలుకు ఉండేవి. పోయినేడాది ఆదాయం, ఈ ఏడాది అమ్మకాలు చూసి అంచనాని తనే కట్టి, ఫారాలన్నీ ఒక్క మూటగా పంపించే ప్రోగ్రాం నేను రాయాలి. అది పని చేస్తే మేడమ్ దాన్ని మిగతా టాక్స్ ఏజెంట్లకి అమ్ముకుంటుంది.

అప్పటిదాకా ఆ అంచనాలు కట్టిన మనిషి ఆయన.

పొట్టి చేతుల తెల్ల చొక్కా, తలనొప్పి తైలం వాసన, కుడి చెవి మీద పెన్సిలు. ఆ పెన్సిలు ఎంతలా ఆయన ఒంట్లో భాగమంటే, ఆఫీసు పక్కన తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో అందరూ టిష్యూ ప్యాకెట్టు పెట్టి టేబుల్ 'చోప్' చేసుకుంటే, అంటే ఆపుకుంటే, ఆయన పెన్సిలు పెట్టేవాడు. ఎంత గుంపు వచ్చినా ఆ టేబుల్ జోలికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. నేనొకసారి నా పెన్ను పెట్టి చూశాను. తిరిగొచ్చేసరికి ఆ టేబుల్ దగ్గర ఇద్దరు కూర్చుని నూడిల్స్ తింటున్నారు, పెన్ను కనబడలేదు.

నేను తెలుగుదాన్నని తెలిసిన రోజు ఆయన మొహం వెలిగిపోయింది. "మా తాత వైజాగు దిక్కు నుంచి ఓడెక్కినాడు పాపా. రబ్బరు ఎస్టేటుకి. నేను ఆ ఊరు చూసిందే లేదు. తెలుగు నోట్లో ఉంది, చేతికి రాదు" అన్నాడు. ఆయన తెలుగులో తమిళం, మలయ్ కలగలిసి ఉండేవి. ఆఫీసులో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఆయన పనితీరు చూస్తే మొదటి వారం నవ్వొచ్చింది. ఫోను తీసేవాడు. అవతల ఎవరైనా సరే, "మకాన్ అయిందా?" అని, అంటే తిండి తిన్నారా అని, మొదలెట్టేవాడు. తమిళుడైతే తమిళంలో, మలయ్ ఆయనైతే మలయ్‌లో, చైనీసు ముసలావిడైతే ఆవిడ హొక్కియెన్ భాషలో. ఆ తర్వాత మీ రెండో లారీ బాగైందా, మీ బావమరిది ఇంకా మీతోనే ఉన్నాడా, పాత ఏసీ మార్చారా అని ఊసులు. పావుగంట ఊసులాడి, పెట్టేసి, కళ్ళు మూసుకుని, చెవి మీది పెన్సిలు తీసి ఒక అంకె వేసేవాడు.

"ఎలా వేశారు అంకుల్?" అని అడిగాను, తువాస్ వెల్డింగ్ షాపుకి ఫోను చేసిన రోజు.

"వినలేదా నువ్వు? ఆయన మాట్లాడతా ఉంటే వెనక మూడు గ్రైండర్లు మోగతా ఉన్నాయి. పోయినేడు రెండే."

అంతే. అదే ఆయన ఫార్ములా. నేను ఇంజనీరింగ్‌లో యూనివర్సిటీ రెండో ర్యాంకు. మొదటి ర్యాంకు ఎవరిదో ఇప్పటికీ పేరుతో సహా గుర్తుంది. నా బుద్ధి అలాంటిది, ముందే చెబుతున్నాను. గ్రైండర్లు వినే మనిషితో నాకు పోటీ ఏమిటనుకున్నాను.

మేడమ్ పోటీ పెట్టనే పెట్టింది. గోడకి ఒక కాగితం అంటించి రెండు వరసలు గీసింది. ఒక వరసలో నా ప్రోగ్రాం అంచనా, రెండో వరసలో ఆయన అంచనా. అంతకు ముందే అంచనాలు వెళ్ళిన కంపెనీల అసలు లెక్కలు తేలినప్పుడల్లా ఎవరిది దగ్గరగా ఉందో అక్కడ ఎర్ర టిక్కు. నెల తిరిగేసరికి ఆయన వరస ఎర్రగా, నా వరస బోసిగా తయారైంది. మేడమ్ కాఫీ కప్పు పట్టుకుని వచ్చి ఆ కాగితం చూసి, "అంకుల్ బుర్ర కోసి నీ పెట్టెలో పెట్టాలి లా" అని నవ్వేది. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. నవ్వి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని.

పోనీ ఆయన గర్వపోతై ఉంటే తిట్టుకుని ఊరుకుందును. అదీ లేదు! టిక్కు పడ్డప్పుడల్లా నా కుర్చీ పక్కకి వచ్చి కూర్చుని, తన అంచనా ఎక్కడెక్కడి నుంచి పుట్టిందో చెప్పేవాడు. "పాపా, రాసుకో. హార్డ్‌వేర్ షాపోడు కొడుక్కి పెళ్ళి చేస్తే ఆ ఏడు షాపు సరిగ్గా చూసుకోడు. రెస్టారెంటోడు వంటమనిషిని మార్చితే మూడు నెలలు గిరాకీ పడిపోతాది." నేను రాసుకునేదాన్ని. రాసుకుని, వాటిలో పనికొచ్చేవి ప్రశ్నలుగా మార్చి ప్రోగ్రాంలో పెట్టేదాన్ని. నా వరసలో కూడా టిక్కులు మొదలయ్యాయి. ప్రతి టిక్కుకీ ఆయనే ముందు చప్పట్లు కొట్టేవాడు. ఆ చప్పట్లు వింటే ఒళ్ళు మండేది నాకు. నా టిక్కు కూడా ఆయన పెట్టిన భిక్షలాగే ఉండేది.

ఇక అసలు సంగతికి వస్తాను.

క్లయింట్లు కాగితాలు వేళకి తెచ్చేవాళ్ళు కాదు. అందుకని ఆయనకి ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా కాగితాలివ్వకుండా తిప్పుతుంటే, వాళ్ళ ఫారం మీద పెన్సిలుతో ఒక భయంకరమైన అంకె వేసేవాడు. ఉండాల్సిన దానికి మూడింతలు. వేసి ఫోను చేసేవాడు: "బాస్, ఇంత రాసి పెట్టినాను. మీరు రాకుంటే ఆఖరి రోజు ఇదే పోతాది." ఆ అంకె విన్నవాళ్ళు పనులన్నీ వదిలేసి, ప్లాస్టిక్ సంచీలో బిల్లులన్నీ కుక్కుకుని పరుగెత్తుకుంటూ మా మెట్లెక్కేవాళ్ళు. అప్పుడు ఆయన రబ్బరుతో ఆ అంకె చెరిపేసి, నింపాదిగా అసలు అంచనా సిరాతో రాసేవాడు. పెన్సిల్లో ఉన్నది ఎప్పుడూ ఆఫీసు గడప దాటలేదు.

కంప్యూటరు వచ్చాక కూడా ఆయన అదే పద్ధతి. ఒంటి వేలితో ఆ భయంకరమైన అంకెనే తెర మీద కొట్టేవాడు. నా ప్రోగ్రాంకి పెన్సిలేదో సిరా ఏదో తెలియదు. గడిలో అంకె ఉంటే అది పంపించాల్సిన అంకె.

"పాపా, ఈ తెరలో పెన్సిలు ఎక్కడుంది?" అని అడిగాడు ఒకరోజు.

నవ్వాను. "తెరలో పెన్సిలేంటి అంకుల్!"

"అది కాదు. ఇది ఇంకా చెరపాల్సింది, పంపించకు అని ఒక గుర్తు. చిన్న బొమ్మ పెట్టినా బోలే, చాలు."

సగం రోజు పని. అంతకంటే పట్టదు. నాలుగుసార్లు అడిగాడు, నాలుగుసార్లూ తెలుగులోనే, నా చెవి దగ్గర. ఏ మేడమ్ ముందో ఇంగ్లీషులో అడిగి ఉంటే మర్నాటికల్లా చేసి ఉండేదాన్ని. నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక అలా అడిగాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు తోచింది ఒకటే. ప్రశ్నలన్నీ ఆయనవి, ఇప్పుడు ఈ బొమ్మ కూడా పెడితే ప్రోగ్రాం మొత్తం ఆయనదే అవుతుంది, నేను ఉత్త టైపిస్టునవుతాను. "తర్వాతి వెర్షన్‌లో చూద్దాం అంకుల్" అన్నాను నాలుగుసార్లూ.

మార్చి నెల ఆఖరి రోజు వచ్చింది. డిసెంబరులో లెక్కలు ముగించే కంపెనీలన్నింటికీ అదే గడువు. పొద్దున్నే ఆయన సంచీ భుజాన వేసుకుని నా దగ్గరికొచ్చాడు. "పాపా, ఏడు ఇంకా పెన్సిల్లోనే ఉన్నాయి. ఆరుగురు ఫోన్లో చెప్తామన్నారు. తువాసోడు ఫోనెత్తడు, నేనే పోయి కాయితాలు పట్టుకొస్తాను. వచ్చినాక పంపిద్దాం, సరేనా?"

"సరే అంకుల్" అన్నాను. స్పష్టంగా విన్నాను, స్పష్టంగా అన్నాను.

మధ్యాహ్నం మూడింటికి మేడమ్ ఇద్దరు టాక్స్ ఏజెంట్లని వెంటబెట్టుకొచ్చింది. మా ప్రోగ్రాం కొనాలా వద్దా అని చూడటానికొచ్చిన వాళ్ళు. నా కాంట్రాక్టు ఇంకో మూడు నెలల్లో అయిపోతుంది. "చూపించు, ఒక్క మీటతో అన్నీ ఎలా వెళ్తాయో" అంది మేడమ్.

ఆ ఏడింటినీ పక్కకి తీసి మిగతావి పంపొచ్చు. రెండు నిమిషాల పని. కానీ ఎందుకు తీస్తున్నావని అడుగుతారు. అంకుల్ తువాస్ నుంచి రావాలి అని చెప్పాలి. వచ్చిన వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. మేడమ్ మళ్ళీ ఆ బుర్ర కోసి పెట్టెలో పెట్టే జోకు వేస్తుంది. ఆ ఒక్క రోజైనా ఆయన పేరు ఎత్తకుండా నేను గెలవాలనుకున్నాను.

నొక్కాను.

వరసగా ఒక్కొక్క కంపెనీ పేరు పక్కన పచ్చ గుర్తు పడుతూ పోయింది. వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. మేడమ్ నా భుజం తట్టింది. నిజం చెప్పొద్దూ, నా జన్మలో అంత సంతోషం అంతకు ముందు ఎరగను.

ఆయన నాలుగున్నరకి చెమటలు కక్కుతూ, ప్లాస్టిక్ సంచీతో వచ్చాడు. తెర చూశాడు.

"పోయినాయా?"

"పోయాయి అంకుల్."

"ఏడూనా?"

"ఏడూ."

నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఏమైనా అంటాడనుకున్నాను. "అలామక్" అన్నాడు మెల్లగా, అయ్యో అన్నట్టు. తన కుర్చీలో కూర్చుని, సంచీలోంచి కాగితాలు ఒక్కొక్కటీ తీసి, నలిగినవి సాపు చేసి, తేదీల వారీగా పేర్చడం మొదలుపెట్టాడు.

కొన్ని వారాలకి నోటీసులు వచ్చాయి. తువాస్ ఆయన నోటీసు చేత్తో ఊపుకుంటూ మెట్ల మీంచే అరుచుకుంటూ వచ్చాడు. ఆ మూడింతలు ముందు కట్టాలంటే షాపులో వెల్డర్లకి జీతాలివ్వలేనన్నాడు. వాళ్ళంతా డార్మిటరీల్లో ఉంటూ ఇళ్ళకి డబ్బు పంపుకునేవాళ్ళు. మేడమ్ మొహం ఎర్రబడిపోయింది. అందరినీ పిలిచి నిలబెట్టింది. "ఈ అంకె ఎవరు కొట్టారు?"

నేను గోడ మీది ఎర్ర టిక్కుల వైపు చూశాను.

"నేనే మేడమ్" అన్నాడు ఆయన ఇంగ్లీషులో. "ముసలోణ్ణి. మార్చడం మర్చిపోయాను."

మేడమ్ నా వైపు తిరిగింది. "నీ ప్రోగ్రాంలో ఏమైనా లోపమా?"

"లేదు మేడమ్" అన్నాను. ఆ మాట నిజమే, అదే నా ఖర్మ. లోపం ప్రోగ్రాంలో లేదు.

ఆ రోజు నుంచి ఆయన్ని అంచనాల దగ్గరికి రానివ్వలేదు. వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉత్తరాలు రాయించింది. ఏడు కంపెనీలకీ ఏడు అభ్యంతరాలు ఆయనే రాశాడు, ముందు పెన్సిలుతో, తర్వాత సిరాతో. ఏడింటికీ నోటీసులు సవరించి వచ్చాయి. తువాస్ షాపాయన కోసం అంకులే పన్నుల శాఖకి నాలుగుసార్లు తిరిగి, వాయిదాలు ఇప్పించాడు. వెల్డర్ల జీతాలు వారం ఆలస్యమయ్యాయి గానీ ఆగలేదు. గోడ మీది కాగితం ఎవరు చించారో తెలియదు, ఒకరోజు కనబడలేదు. నాకు ఉద్యోగం పర్మనెంటైంది. భీమవరంలో మా నాన్న స్వీట్లు పంచాడు.

పెన్సిలు బొమ్మ, మేడమ్ మమ్మల్ని నిలబెట్టి అడిగిన మర్నాడే పెట్టాను. సగం రోజు కూడా పట్టలేదు. తెర మీద ఏ అంకె పక్కనైనా ఆ బొమ్మ నొక్కితే అంకె బూడిద రంగులోకి మారుతుంది, పంపినా వెళ్ళదు. ఆయనకి చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చూసి, "బాగుంది పాపా" అన్నాడు. ఆ ఏడాది ఆఖర్లో ఉద్యోగం మానేశాడు. నేను ఎప్పుడూ ఆయన ఇంటి గడప తొక్కలేదు. పండగలకి ఫోను వచ్చేది, "మకాన్ అయిందా పాపా" అని. పనిలో ఉన్నానని పెట్టేసేదాన్ని. తర్వాత తర్వాత ఆ ఫోన్లు కూడా ఆగిపోయాయి.

పదహారో రోజున ఆయన భార్య నా చేతిలో వడల ప్లేటు పెట్టి, నా మొహం పరకాయించి చూసింది.

"నువ్వేనా పెన్సిల్ పాపవి?"

నేను నోరు తెరిచేలోగానే తువాస్ ఆయన వైపు తిరిగి మలయ్‌లో ఏదో చెప్పింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూనే నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు. "ఓ, యూ ఆ! గుడ్ ఐడియా లా!"

ఆ బొమ్మ నా తెలివేనని అంకుల్ ఊరందరికీ చెప్పుకుంటూ తిరిగాడట! ఇంత జరిగాక కూడా నాకు టిక్కు పెట్టి చప్పట్లు కొట్టి పోయాడు. ఇక పట్టలేకపోయాను. ఆంటీని స్తంభం పక్కకి తీసుకెళ్ళాను.

"అది నా ఐడియా కాదాంటీ. అంకుల్ నాలుగుసార్లు అడిగారు, నేనే పెట్టలేదు. ఆ ఏడూ పెన్సిల్లో ఉన్నాయని నాకు తెలుసు. తెలిసే నొక్కాను. అంకుల్ అంటే నాకు ఏడుపు."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తెలుసమ్మా. ఆ సాయంత్రమే చెప్పినాడు. రెండు రోజులు సాపాటు కూడా సరిగ్గా తినలేదు, అంత కోపం."

"మరి మేడమ్‌తో ఎందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగినాను. ఏమన్నాడో తెలుసా? 'ఆ పిల్లంటే నాకూ ఏడుపే. నేను ముప్పై ఏళ్ళు విని నేర్చుకున్నది ఏడాది తిరక్కుండా పెట్టెలోకి ఎక్కించేసింది. ఇప్పుడు దాని మీద చెప్తే, నిజమని చెప్తా ఉన్నానో, ఏడుపుతో చెప్తా ఉన్నానో నాకే తెలీదు. అందుకే ఊరుకుంటా' అన్నాడు."

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది సంతోషం. ఆయనకి నా మీద ఏడుపా! చప్పట్లు కొట్టిన ఆ చేతులకి, నా పక్కన కూర్చుని "రాసుకో పాపా" అన్న ఆ గొంతుకి! ఇన్నేళ్ళ తర్వాత నా వరసలో ఒక టిక్కు పడ్డట్టు అనిపించింది. ఆ తర్వాతే ఆయన పోయాడని గుర్తొచ్చింది. ఆంటీ నా చేతిలో ప్లేటు తీసి పక్కన పెట్టింది.

మేడమ్ ఫ్యాను పక్కనే ఉంది. ఎవరికో చెబుతోంది, ముప్పై ఏళ్ళలో ఒకే ఒక్క తప్పు అని. వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. నిజం కాబట్టి చెప్పబోతున్నానో, ఈ ఒక్క దాంట్లోనైనా ఆయన కంటే ఒక మెట్టు పైన ఉండాలని చెప్పబోతున్నానో నాకూ తెలియలేదు. ఆయనైతే ఊరుకునేవాడు.

"మేడమ్, ఆ ఏడు కంపెనీల తప్పు అంకుల్‌ది కాదు, నాది" అన్నాను.